రేషన్ గుడ్డలో ఆరో జత

మా సందులో ఒకప్పుడు చలికాలం వచ్చిందంటే అందరం ఒకే గుడ్డ కట్టేవాళ్ళం. మగవాళ్ళకి తెలుపు మీద నీలం చారలు, ఆడవాళ్ళకి తెలుపు మీద గులాబీ చారలు. ఒక పక్క నూగు తేలిన మెత్తటి నూలు గుడ్డ. కస్తోర్ అనేవాళ్ళం దాన్ని. సర్కారు ఏడాదికోసారి రేషన్ కార్డు మీద తలకిన్ని మీటర్లని ఇచ్చేది. కైరోలో సయ్యిదా జైనబ్ పేట మాది. తెల్లారి ఉడికించిన ఫూల్ చిక్కుడు గింజల బండి సందులోకి రాగానే చేతుల్లో గిన్నెలతో చారల పైజామాలు గుమ్మాలు దాటి వచ్చేవి. బడిపంతులు, చెప్పులు కుట్టేవాడు, ఒకనాడు రెండొందల ఎకరాలు ఏలి చివరికి మా మూలింట్లో రెండు గదులకు దిగిన ముసలి రమ్జీ బే, అందరివీ అవే చారలు. "పైనుంచి దేవుడు చూస్తే మన సందంతా ఒకే పరుపులా కనబడుతుంది," అని నవ్వేది ఖాలా అతియ్యాత్. ఆ పరుపు కుట్టింది ఆవిడే.

ఆవిడ నాకు రక్తసంబంధం కాదు. మా కింది వాటాలో ఉండేది. ఖాలా అంటే పిన్ని అనే కదా, సందులో పిల్లలందరికీ పిన్నే. మునూఫియ్యాలో పత్తి చేల మధ్య ఏదో పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళకి పెళ్ళికూతురిగా వచ్చింది. మొగుడు షెహాతా ట్రాములో కండక్టరు. సన్నగా, పొడుగ్గా, మాట్లాడితే పక్క సందుకి వినబడే గొంతుతో ఉండేవాడు. ఆవిడ పొట్టి. నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులుండేవి కాబట్టి పెదాలు సగం మూసే మాట్లాడేది. అలవాటైపోయి సూదులు లేనప్పుడూ అలాగే మాట్లాడేది. కిటికీ కింద కాలితో తొక్కే కుట్టుమిషను. దాని చప్పుడు మా గచ్చులోంచి పైకి వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా మిషను చప్పుడు వినబడితే నాకు అరికాళ్ళలో వెచ్చగా అనిపిస్తుంది.

ఆవిడ గొప్పతనం కుట్టులో కాదు, కోతలో ఉంది. పెద్దవాళ్ళు ఉస్తా అని, అంటే పనిలో ఆరితేరినదని, పిలిచేది అందుకే. సహకార దుకాణంలో గుమస్తా ఒక్కో కార్డుకి ఒక్కో ముక్క చించి ఇచ్చేవాడు. విడివిడిగా కోస్తే ప్రతి ముక్కలోనూ చంక దగ్గరా మెడ దగ్గరా ఎంతో కొంత వృథా. అతియ్యాత్ ఒక ఏడు ఐదిళ్ళ కార్డులు పోగుచేసి నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మూడు గంటలు వరసలో నిలబడ్డాక గుమస్తా కత్తెర తీశాడు.

"ఆ గులాబీ తాను చింపకయ్యా. ఐదు కార్డులదీ కలిపి ఒకే ముక్కగా ఇయ్యి," అంది.

"రూలు లేదమ్మా. కార్డుకో ముక్క."

"కార్డుకి ఇన్ని మీటర్లని రాసుందా, ఇన్ని ముక్కలని రాసుందా? చదివి చెప్పు, నాకు చదువు రాదు."

వెనక వరసలో వాళ్ళు నవ్వారు. గుమస్తా నిబంధనల కాగితం రెండుసార్లు చదివాడు. ముక్కల మాట లేదు.

"నీ మొగుడెలా వేగుతున్నాడో నీతో," అంటూ తాను దొర్లించాడు.

"ఆయన వేగడు, ట్రాములో తిరుగుతాడు," అంది.

ఆ పొడుగు గుడ్డని మా మేడ మీద పరిచింది. మోకాళ్ళ మీద పాకుతూ సుద్దముక్కతో గీతలు గీసింది. ఒకరి చేతిముక్క ఇంకొకరి మెడ వంపులో ఇమిడింది. ఒకరి జేబు వేరొకరి కాళ్ళ మధ్య సందులో కూర్చుంది. ఐదుగురి వాటాలో ఆరు జతలు వచ్చాయి. ఆరోది ఎవరిదని అడిగాను.

"కార్డు లేనిదానిది," అంది.

ఆ కార్డు లేనిది ఉమ్మ్ హిలాల్, అంటే హిలాల్ తల్లి. నది గట్టున కూర్చుని తిర్మిస్ గింజలు నానబెట్టి కాగితం పొట్లాల్లో అమ్మేది. మా మేడ మెట్ల కింద గదిలో కాపురం. ఆవిడ పుట్టినట్టు ఏ కాగితమూ లేదు. పెళ్ళయినట్టూ లేదు. హిలాల్ అనే కొడుకు పుట్టి పోయినట్టు కూడా లేదు. సర్కారు ఇచ్చే చక్కెర, నూనె, గుడ్డ ఏవీ ఆవిడ దాకా వచ్చేవి కావు. సబాహ్ అనే చిన్న కూతురు మాత్రం ఉండేది. మిగిలిన పీలికల్లోంచి ఆ చిన్నదానికీ ఒక గౌను వచ్చింది. ఆ ఏడు తల్లీకూతుళ్ళు మొదటిసారి గులాబీ చారల్లో గుమ్మం మీద కూర్చున్నారు. మరుసటి ఏడు నలభై కార్డులు పోగయ్యాయి. ఎనిమిది జతలు మిగిలాయి. ఎవరికివ్వాలో అతియ్యాతే తేల్చేది, ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. ఒకసారి మాత్రం గుడ్డల కొట్టు హమ్దీ తన కార్డు ఇవ్వనన్నాడు. అతను పేటలోవాళ్ళ దగ్గర రేషన్ గుడ్డ చవకగా కొని పల్లెల్లో ఎక్కువకి అమ్మేవాడని అందరికీ తెలుసు.

"నీ కార్డు గుడ్డ కూడా పల్లెకే పోతుందా హమ్దీ? మరి నీ పిల్లలేం కట్టుకుంటారు, లెక్కల పుస్తకమా?" అంది సందు మధ్యలో నిలబడి. హమ్దీ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అతను ఎప్పుడూ కోప్పడేవాడు కాదు. అదే అతని బలం.

పంతొమ్మిది వందల డెబ్భై ఏడు జనవరిలో జరిగింది చెప్పాలి. నాకు ఇరవై ఏళ్ళు, వాణిజ్యం చదువుతున్నాను. ఆ మంగళవారం పొద్దున్న పేపరు చూసేసరికి చక్కెర, టీ, బియ్యం, గ్యాసు బండ, అన్నింటి ధరలూ ఒక్క రాత్రిలో పెరిగి ఉన్నాయి. బడ్జెట్టులో లోటు పూడ్చాలట, అప్పులిచ్చేవాళ్ళు అడిగారట. మధ్యాహ్నానికి పేటంతా వీధిలోకి వచ్చింది. షెహాతా ట్రాముని మధ్యలో వదిలేసి గుంపులో కలిశాడు. పోలీసు ఠాణా వైపు నుంచి పొగ లేచింది. కళ్ళు మండుతున్నాయి.

నేను కింద అతియ్యాత్ గదిలోనే ఉన్నాను. తలుపు తోసుకుని ఒక సిపాయి లోపల పడ్డాడు. కనుబొమ మీద రాయి దెబ్బ, ముఖమంతా నెత్తురు. మీసం కూడా సరిగా రాలేదు. టోపీ ఎక్కడో పోయింది.

"అమ్మా, నేనెవర్నీ కొట్టలేదు. కొట్టమన్నారు గానీ నేను కొట్టలేదు," అన్నాడు. యాస సయీద్ యాస, ఎగువ దేశం వాడు.

"పేరేంటి?"

"జాద్."

"జాద్, ఆ చొక్కా విప్పు."

యూనిఫాం ఊడదీసి కుట్టాల్సిన గుడ్డల మూటలో కుక్కింది. షెహాతా పైజామా జత తొడిగింది. ముఖం తుడిచి, తలకి తువ్వాలు చుట్టి, మంచం మీద తన పిల్లల మధ్య కూర్చోబెట్టి, చేతిలో ఉల్లిపాయ పెట్టింది. కళ్ళు ఎందుకు మండుతున్నాయని ఎవరైనా అడిగితే సమాధానం ఉండాలి కదా. అంతలో ఆరుగురు మగవాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు.

"ఉస్తా అతియ్యాత్, ఒక సిపాయి ఇటొచ్చాడా?"

"ఇంట్లో ఉన్నది మా చెల్లెలి కొడుకు. జ్వరం. సిపాయి కావాలంటే ఠాణాకి పోండి, అక్కడ బోలెడంతమంది."

వాళ్ళ వెనక నుంచి షెహాతా మెడ చాపి చూశాడు. మంచం మీద తన పైజామాలో కూర్చున్న పరాయివాణ్ణి చూశాడు. పెళ్ళాం ముఖం చూశాడు. మళ్ళీ పైజామా చూశాడు.

"ఏరా, జ్వరం తగ్గిందా?" అన్నాడు సందంతా వినబడేలా. "పదండి పదండి, మా షడ్డకుడి కొడుకు. అసలే పిరికివాడు, మిమ్మల్ని చూస్తే జ్వరం తిరగబెడుతుంది."

జాద్ ఆ రెండు రోజులూ మా సందులోనే ఉన్నాడు. అన్ని చారల మధ్యా ఇంకో చారలు, ఎవరికి కనబడతాడు? మర్నాడు మధ్యాహ్నం రేడియోలో ధరలు వెనక్కి తీసుకున్నట్టు చెప్పారు. ఆడవాళ్ళు కిటికీల్లోంచి జగరీత్‌లు పెట్టారు, పెళ్ళిలో కూసినట్టు. కర్ఫ్యూ సడలగానే జాద్ యూనిఫాం మూట చంకలో పెట్టుకుని, షెహాతా పైజామాతోనే రైలెక్కాడు. ఎండకాలంలో ఒక బుట్టెడు ఖర్జూరాలు వచ్చాయి. పైజామా మాత్రం రాలేదు. "నా మంచి జత అది," అని షెహాతా పోయేదాకా అంటూనే ఉన్నాడు.

ఆ రోజు మేం గెలిచామనుకున్నాం. పైవాళ్ళు మాత్రం పాఠం నేర్చుకున్నారు. ఆ తర్వాత ఏదీ రేడియోలో చెప్పి చేయలేదు. చాప కింద నీరులా వచ్చింది అంతా. రొట్టె ధర అదే, రొట్టె మాత్రం అరచేయంత చిన్నదైంది. తర్వాత కొత్త రొట్టె అని ఒకటి వచ్చింది, ధర రెట్టింపు. పాత రొట్టె కోసం పొద్దున్నే నాలుగింటికి వరస. కస్తోర్ కూడా అంతే. ఒక ఏడు పన్నా జానెడు తగ్గింది. ఇంకో ఏడు నూగు పోయింది. "చూడు సుహైర్, వెలుగులో పెడితే అవతలి గోడ కనబడుతోంది," అని నాకు గుడ్డ ఎత్తి చూపించింది అతియ్యాత్. ఆ ఏడు నలభై కార్డులకి రెండు జతలే మిగిలాయి. ఎవరికివ్వాలో తేల్చడానికి ఆవిడకి మూడు రోజులు పట్టింది.

చదువైన వాళ్ళందరికీ సర్కారు కొలువు దొరికే రోజులవి. నాకు బడ్జెట్టు విభాగంలో టైపిస్టు పని దొరికింది. ఇంటినుంచి నడిచి పావుగంట. పొడవాటి పట్టికలు, ఎడమ వైపు పద్దులు, కుడి వైపు అంకెలు. కార్బను కాగితాలు నాలుగు పెట్టి కొడితే వేళ్ళు నీలంగా మారేవి. మూడో ఏడు అనుకుంటాను, కొత్త పట్టికల చిత్తుప్రతి నా బల్ల మీదకి వచ్చింది. "ప్రజల గుడ్డ" అనే పద్దు దగ్గర ఎర్రసిరాతో ఒక గీత. కుడి వైపు అంకె లేదు.

మా పైఅధికారి ఉస్తాద్ లబీబ్. మంచివాడు. భోజనం డబ్బాలో బచ్చలి కూర తెచ్చుకుని, ఎప్పుడూ ఎవరో ఒకరితో పంచుకునేవాడు. ఆయన దగ్గరికి కాగితం పట్టుకెళ్ళాను.

"ఇక్కడ అంకె రాయడం మర్చిపోయినట్టున్నారండీ."

"మర్చిపోలేదమ్మా."

"అంటే గుడ్డ ఇవ్వరా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కూర్చో. ఈ గుడ్డలో ఎంత భాగం పేదవాడి ఒంటి మీద ఉందో తెలుసా? మా లెక్క ప్రకారం సగం కూడా లేదు. మిగతాది వర్తకుల గోదాముల్లో ఉంది. పాషా మనవడికీ కార్డుంది, నాకూ ఉంది. నేను పేదవాణ్ణా? దీనికోసం అప్పు తెస్తున్నాం. నిన్న ఆఫీసుకి ఎలా వచ్చావు?"

"ఇటుకల మీద గెంతుకుంటూ." మా పేటలో మురుగు పొంగి వారమైంది. అడుగుకో ఇటుక వేసుకుని నడిచేవాళ్ళం.

"ఆ గొట్టాలు వేయడానికి డబ్బు ఎక్కణ్ణుంచి తేను? ఫ్యాక్టరీలకి కరెంటు ఎక్కణ్ణుంచి తేను? నీ తమ్ముడికి పని ఎవరిస్తారు?"

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఏదీ లేదు. హమ్దీ గోదాము నేను కళ్ళారా చూసినదే.

"మరి ఉమ్మ్ హిలాల్‌కి?" అన్నాను. నోరు జారింది.

"ఎవరామె?"

చెప్పాను. ఆరో జత సంగతీ చెప్పాను. ఆయన పట్టిక నా వైపు తిప్పి పైనుంచి కింద దాకా వేలు జరిపాడు.

"ఆమె పేరున పద్దు లేదమ్మా ఇందులో. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు," అన్నాడు.

నా బల్ల దగ్గరికి వచ్చి టైపు చేశాను. ఆ పద్దు వదిలేసి తర్వాతి పద్దు కొట్టాను. వదిలెయ్యడానికి ప్రత్యేకంగా ఏమీ నొక్కక్కర్లేదు, తర్వాతిది కొడితే చాలు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

ఆ చలికాలం దుకాణంలో "ఈ ఏడు గుడ్డ రాలేదు" అన్నారు. మరుసటి ఏడూ అదే మాట. అతియ్యాత్ మిషనుకి నూనె వేసి ఉంచేది. మూడో ఏడు దాని మీద బల్లగుడ్డ కప్పి పూలకుండీ పెట్టింది. షెహాతా తిరిగే ట్రాము దారి ఎత్తేశారు. ఆయన్ని డిపోలో కాపలాకి వేశారు, అక్కడ అరవడానికి ఎవరూ లేక గొంతు తగ్గిపోయింది. ఇంట్లో మాంసం వండే గురువారాలు నెలకొకటయ్యాయి.

సందులో చారలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. డబ్బున్నవాళ్ళు పోర్ట్ సయీద్ నుంచి వచ్చే మెరిసే ట్రాక్ సూట్లు కట్టారు. గల్ఫులో అన్నదమ్ములున్న వాళ్ళు దుప్పట్లు తెప్పించుకున్నారు. లేనివాళ్ళు పాత కస్తోర్ చిరిగేదాకా కట్టారు. పొద్దున ఫూల్ బండి దగ్గర నిలబడ్డవాళ్ళని చూస్తే ఎవరింట్లో ఎంతుందో ఇట్టే తెలిసిపోయేది. అంతకుముందు ఆ సంగతి బట్ట చెప్పేది కాదు.

హమ్దీ అప్పటికి హాజ్జీ హమ్దీ అయ్యాడు. పేట చివర మూడంతస్తుల్లో రెడీమేడ్ బట్టల కార్ఖానా పెట్టాడు. నలభై కరెంటు మిషన్లు. ఒక సాయంత్రం అతియ్యాత్ గుమ్మంలో వచ్చి కూర్చున్నాడు.

"ఉస్తా, నీలా గుడ్డ కోసేవాళ్ళు ఈజిప్టులో లేరు. రా, నా దగ్గర కటింగ్ బల్ల నీదే."

"అప్పుడు నీ కార్డు ఇవ్వలేదు నాకు."

"అది పాత మాట. అప్పుడు నువ్వు నా మీద అరవడం కూడా పాత మాటే. నెలకి నీ మొగుడి జీతానికి రెండింతలిస్తా."

లోపలి నుంచి షెహాతా దగ్గు వినబడింది. అతియ్యాత్ పూలకుండీ వైపు చూసింది. "పొద్దున ఎన్నింటికి?" అంది.

అన్యాయంగా చెప్పకూడదు. ఆ కార్ఖానాలో ఆవిడ పద్నాలుగేళ్ళు పనిచేసింది, బాగానే చేసింది. ఫ్రిజ్జు కొంది. కొడుకుని ఇంజనీరింగు చదివించింది. మా పేటలో అరవైమంది ఆడపిల్లలు అక్కడ పని నేర్చుకున్నారు, వాళ్ళ చేతికి మొదటిసారి సొంత డబ్బు వచ్చింది. మురుగు గొట్టాలు కూడా వేశారు, ఇటుకలు ఎత్తేశాం. ఉస్తాద్ లబీబ్ చెప్పిన మంచి నిజంగానే వచ్చింది. కాకపోతే అది మా మేడ మెట్ల దాకా వచ్చింది గానీ, మెట్ల కిందకి దిగలేదు. ఉమ్మ్ హిలాల్ చివరి చలికాలంలో గోనెసంచి భుజాల మీద కప్పుకుని గింజలమ్మింది. ఆ ఏడే పోయింది. సబాహ్ తన ఆడపిల్లలతో మిగిలింది.

అప్పటినుంచీ అతియ్యాత్ కార్ఖానా నుంచి వచ్చేటప్పుడు చేతిలో ఒక సంచి ఉండేది. కోతలో మిగిలిన ముక్కలు. మిషను మీద నుంచి పూలకుండీ దిగింది. ఎరుపు, పసుపు, నలుపు, రంగులకి పొంతన లేని చలికోట్లు తయారయ్యాయి, సబాహ్‌కీ, ఆమెలాగే చలికి బట్ట లేనివాళ్ళకీ. నాలుగు నెలలకి హమ్దీ పట్టుకున్నాడు. ఆ రోజు నేను ఆవిడకి మందులివ్వడానికి కార్ఖానాకి వెళ్ళి ఉన్నాను కాబట్టి నా ముందే జరిగింది.

"ఉస్తా, ఆ ముక్కలు పరుపులవాడికి కిలోల్లెక్కన అమ్ముతాను నేను. తెలుసు కదా?"

"తెలుసు."

"తెలిసి తీసుకెళ్తే దాన్నేమంటారు?"

పిల్లలందరూ మిషన్లు ఆపేశారు. అతియ్యాత్ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది.

"హాజ్జీ, నేను రాకముందు నీ బల్ల మీద నూటికి ఎంత గుడ్డ ముక్కలైపోయేది?"

"ఇరవై."

"ఇప్పుడు?"

హమ్దీ గుమస్తా వైపు చూశాడు.

"పన్నెండు. నేను లెక్కలు రానిదాన్నే, కానీ గుడ్డ లెక్క వచ్చు. ఆ ఎనిమిదీ నీకు మిగిల్చా. అందులోంచి ఒక్క సంచి. దొంగతనం అంటావా, అను. నా జీతంలో కోసుకుంటావా, కోసుకో. ఈ పిల్లలందరి ముందూ కోసుకో."

హమ్దీ అందరి ముఖాలూ చూశాడు. నవ్వాడు. ఇంతకుముందు చెప్పాను కదా, అతను కోప్పడడు. "శుక్రవారం ముక్కలన్నీ ఉస్తా తీసుకెళ్తుంది. రాసుకో," అన్నాడు గుమస్తాతో. అది మంచితనమో, మంచి కత్తెర చేజారిపోతుందన్న భయమో నాకు ఇప్పటికీ తెలీదు. రెండూ కావచ్చు.

ఆ సాయంత్రం ఆవిడతో ఇంటికి నడుస్తూ దాచిపెట్టిన మాట చెప్పేశాను. ఎర్రసిరా గీత, అంకె లేని పద్దు, నేను టైపు చెయ్యడం.

"పదేళ్ళ నుంచి మోస్తున్నావా ఇది?" అంది.

"పదకొండు."

"పిచ్చిదానా. నువ్వు కొట్టకపోతే పక్క బల్ల పిల్ల కొట్టేది." నాలుగడుగులు వేసి ఆగింది. "నాకు వాళ్ళ మీద కోపం లేదు సుహైర్. గుడ్డ తక్కువైతే కోత మార్చాలి, నాకు తెలీదా? కాకపోతే కొలత తియ్యకుండా కోశారు. ఎవరి ఒళ్ళు ఎంతో చూడలేదు. హమ్దీకీ అంతే కోశారు, ఉమ్మ్ హిలాల్‌కీ అంతే కోశారు." మళ్ళీ నడిచింది. ఇంటికొచ్చాక నాకు ఇష్టమని ఆకుల్లో అన్నం కూరిన దోల్మాలు చేసింది. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. షెహాతా పోయాడు. నేను రిటైరయ్యాను. కొడుకు కొత్త నగరంలో ఫ్లాటు కొని రమ్మంటే అతియ్యాత్ వెళ్ళలేదు. "అక్కడ మెట్లు లేవట, లిఫ్టులో ఎక్కాలట. నేను పెట్టెలో ఒక్కసారే ఎక్కుతా," అనేది. ఆవిడకి డెబ్భై ఏడేళ్ళు వచ్చాయి. అప్పుడు సర్కారు మళ్ళీ బడ్జెట్టు మార్చింది. పెట్రోలు, కరెంటు మీద ఇచ్చేది తగ్గించారు, ధరలన్నీ మండిపోయాయి. దాంతోపాటే, పిల్లల్ని బడికి పంపే పేద తల్లులకి నెలనెలా నగదు ఇస్తారని టీవీలో చెప్పారు. అధికారులు ఇల్లిల్లూ తిరిగి చూస్తారట.

అతియ్యాత్ ఆ మాట వినగానే కర్ర పట్టుకుని మెట్ల కిందకి దిగింది. సబాహ్‌కి అప్పటికి యాభై దాటాయి. చిన్నకూతురు పురిట్లో పోతే ఇద్దరు మనవరాళ్ళని పెంచుతోంది.

"నాకు కాగితాల్లేవు ఖాలా. నేను లేను వాళ్ళ లెక్కలో," అంది సబాహ్.

"ఉంటావు. లే."

సబాహ్ పుట్టినట్టు రుజువు కావాలి. ఆ పని మీద ముగ్గురం ఐదుసార్లు తిరిగాం. ఒకచోట ముద్ర లేదన్నారు, ఇంకోచోట సాక్షి చాలడన్నారు. పళ్ళూ ఎముకలూ చూసి వయసు చెప్పే డాక్టరు మూడుసార్లు సెలవులో ఉన్నాడు. ఐదోసారి కౌంటర్ దగ్గరున్న అమ్మాయి తల ఎత్తకుండానే, "ఈవిడ ఇక్కడే పుట్టిందని మీకెలా తెలుసమ్మా?" అంది.

"బొడ్డు నేనే కోశాను. నా కత్తెరతో. ఇంకా ఉంది ఇంట్లో, తెమ్మంటావా?" అంది అతియ్యాత్.

ఆ అమ్మాయి తల ఎత్తింది. పక్కనున్న గుమస్తాలు కూడా. ఆ తర్వాత ఒక కుర్చీ వచ్చింది, టీ వచ్చింది, ముద్ర కూడా వచ్చింది. సర్వే చేసే అమ్మాయి మా సందుకి వచ్చిన రోజు ఫ్రిజ్జు ఉందా, బట్టలుతికే మిషను ఉందా అని సబాహ్‌ని అడుగుతుంటే అతియ్యాత్ పక్కనే కూర్చుని, అడిగినవాటికీ అడగనివాటికీ సమాధానాలు చెప్పింది. రెండు నెలలకి సబాహ్ పేరున కార్డు వచ్చింది. పూర్తిపేరు, తండ్రి పేరు, పుట్టిన ఏడు. సబాహ్ ఆ కార్డుని అటూ ఇటూ తిప్పి, చదవడం రాకపోయినా చాలాసేపు చూసింది. వచ్చే డబ్బు పెద్దదేమీ కాదు, పెరిగిన ధరలు అందులో సగం మింగేస్తున్నాయి. అయినా పిల్లలిద్దరూ బడి మానలేదు.

మొదటి నెల డబ్బు తీసుకున్న రోజున తిరిగొస్తుంటే అతియ్యాత్‌కి కాళ్ళు తేలిపోయాయి. దారిలో ఒక కోషరి కొట్టు కనబడితే అందులో కూర్చున్నాం. డబ్బు నేనిస్తానని సంచి తీశాను. సబాహ్ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఈ రోజు నేనిస్తాను," అంది.

ముగ్గురికీ మూడు గిన్నెలు తెచ్చారు. అన్నం, పప్పు, సేమియా, పైన కరకరలాడే ఉల్లిపాయలు. అతియ్యాత్ కారం నీళ్ళు ఒంపుకుంది, వెల్లుల్లి వెనిగరు ఒంపుకుంది, కలిపి ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. కొట్టువాడిని పిలిచింది.

"ఏమయ్యా, ఇందులో పప్పెక్కడుంది?"

"అడుగున ఉందమ్మా."

"అడుగుదాకా తిన్నాక చెప్తా నీ సంగతి," అని తినడం మొదలుపెట్టింది. సబాహ్ నవ్వీ నవ్వీ ముక్కు తుడుచుకుంది. నేను అతియ్యాత్‌తో కలిసి బయటికి వెళ్ళింది అదే ఆఖరు. రంజాన్‌కి ముందొచ్చే షాబాన్ నెలలో నిద్రలోనే పోయింది. సబాహ్, నేనూ కలిసి ఆఖరి స్నానం చేయించాం.